తొలి నవలకు అవార్డు ఇవ్వాలా, అచ్చు వేయాలా? పది లక్షలకు ఏది మేలు?

ప్రొద్దుటూరులో ఒక నవలా రచయిత కాలం చేశాక ఆయన పిల్లలు పది లక్షల రూపాయలు పక్కన పెట్టారు. "మా నాయన పేరు నిలబడాల సార్, కొత్తగా రాసేవాళ్లకు పనికిరావాల" అన్నాడు పెద్దకొడుకు. ఏటా ఒక తొలి నవలకు అవార్డు ఇద్దామని ఆయన పట్టు. కూతురేమో ఆ డబ్బుతో పుస్తకాలే వేద్దామంటుంది. ఏదైనా లైబ్రరీకి ఇచ్చేస్తే పోలా అని బంధువులు. రాసేవాళ్లకు జీతంలా ఇస్తే ఎట్లుంటుందని రచయిత పాత మిత్రుడు. అసలు కదలకుండా డిపాజిట్ చేస్తే, ఏడు శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి చేతికొచ్చేది 70 వేలు. ఏ ఆలోచన అయినా ఇందులోనే ఇమడాలి.

అవార్డుకు ఆకర్షణ ఎక్కువ. పేపర్లో పడుతుంది, పేరు ఏటా వినబడుతుంది. ఇంగ్లండులో బెట్టీ ట్రాస్క్ అనే ప్రేమకథల రచయిత్రి 1983లో చనిపోతూ నాలుగు లక్షల పౌండ్లు రచయితల సంఘానికి రాసిపెట్టింది. ముప్పై అయిదేళ్ల లోపు వాళ్లు రాసిన తొలి నవలలకు ఇవ్వాలి, అవి సంప్రదాయ పద్ధతిలోనో ప్రేమకథలుగానో ఉండాలి, ప్రయోగాలు కుదరవు. ఇదీ ఆమె షరతు. ఆ తరువాత ఇంగ్లండు రచయిత్రి జాడీ స్మిత్ తొలి నవలకు కూడా ఇందులో అవార్డు వచ్చింది. దాన్ని ప్రేమకథ అనేవాళ్లు తక్కువే. అంటే షరతు కాగితం మీద ఉంది, నిర్ణేతలు దాన్ని సాగదీసుకున్నారు. మన పెద్దకొడుకు కూడా "సీమ కరువు మీద రాసినవే తీసుకోవాల" అంటున్నాడు. ఇరవై ఏళ్ల తరువాత ఇక్కడి పిల్లలు దేని మీద రాస్తారో ఇప్పుడెవరికి తెలుసు?

వయసు షరతు సంగతి ఇంకా ముఖ్యం. కేంద్ర సాహిత్య అకాడెమీ యువ పురస్కారం 2011లో మొదలైంది. 35 ఏళ్ల లోపు వాళ్లకు, 50 వేలు. ఆ మొదటి ఏడాది తెలుగులో అది కడప జిల్లా కథకుడికే వచ్చింది. కాబట్టి కుర్రవాళ్లకు ఒక దారి ఉంది. మన దగ్గర తొలి నవల రాసేవాళ్లలో చాలామంది పిల్లల పెళ్లిళ్లు అయ్యాకనో రిటైరయ్యాకనో కలం పట్టినవాళ్లు, ఆడవాళ్లయితే మరీనూ. వాళ్లను కూడా చూసేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి. ఆస్ట్రేలియాలో పాట్రిక్ వైట్ అనే నవలా రచయిత 1973లో తనకు వచ్చిన నోబెల్ డబ్బుతో ఒక అవార్డు పెట్టాడు. అది చాలాకాలంగా రాస్తూ తగిన గుర్తింపు రానివాళ్లకు. ఆ మనసు నాకు నచ్చుతుంది. మన వాళ్ల ట్రస్టుకు వయసు షరతు వద్దనే నా మాట.

అవార్డుతో అసలు చిక్కు వేరే ఉంది. తెలుగులో తొలి నవల రాసినవాళ్లు ముందు తమ డబ్బు పెట్టి అచ్చు వేయించుకుంటారు. డీటీపీ, ముఖచిత్రం, ప్రెస్సు అన్నీ వాళ్లవే. తరువాత అవార్డు కమిటీకి నాలుగైదు కాపీలు పోస్టులో పంపాలి. ఒకరికి బహుమతి వస్తుంది, మిగతావాళ్ల కాపీలు మంచం కింద ఉంటాయి. డబ్బున్నవాళ్లే పోటీలోకి రాగల అవార్డు అది. పైగా 70 వేలల్లో హాలు, ఫ్లెక్సీ, శాలువా, మెమెంటో, అతిథుల ప్రయాణం, భోజనాలు పోను రచయిత చేతిలో పడేది ఎంతో లెక్క వేసుకోండి. శాలువాల మీద నాకు కోపం లేదు కానీ ఒక్కో రచయిత ఇంట్లో బీరువా నిండా ఉంటాయి.

కాలం తీసే దెబ్బ కూడా ఉంది. ఫ్రాన్సులో ఎడ్మండ్ ద గాంకూర్ తన ఆస్తినంతా సాహిత్యానికి రాసిపెట్టాడు. ఆయన పేరిట 1903లో ఇచ్చిన మొదటి బహుమతి అయిదు వేల ఫ్రాంకులు, అప్పట్లో పెద్ద మొత్తమే. డబ్బు విలువ కరిగీ కరిగీ ఇప్పుడు చెక్కు మీద పది యూరోలు ఉంటాయి. అయినా ఎవరూ బాధపడరు, ఆ పేరు పడితే పుస్తకం లక్షల కాపీలు అమ్ముడుపోతుంది కాబట్టి. కడపలో అలాంటి కొనుగోలుదారులు లేరు. ఇక్కడ వడ్డీ కరిగితే అవార్డు కూడా కరుగుతుంది. ఏటా 70 వేలూ ఖర్చు పెట్టకుండా 15 వేలు అసలులో కలుపుతూ పోవాలి.

జీతంలా ఇవ్వడం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు రచయిత సోమర్సెట్ మామ్ 1947లో యువ రచయితలు విదేశాలు తిరిగి రావడానికి డబ్బు పెట్టాడు. తరువాత పెద్ద పేరు తెచ్చుకున్న డోరిస్ లెస్సింగ్, నైపాల్ అందుకున్నారు. మన 70 వేలతో మహా అయితే రెండు మూడు నెలలు గడుస్తాయి. రాస్తున్నారా లేదా అని ఎవరు అడుగుతారు? ఇచ్చేవాళ్లకూ పుచ్చుకునేవాళ్లకూ ఇబ్బంది.

లైబ్రరీ మాటకు కడపలో బలమైన సాక్ష్యమే ఉంది. 1820లో ఇక్కడికి ఉద్యోగం మీద వచ్చిన బ్రౌన్ దొర బంగళా కొని, పండితులకు సొంత డబ్బు జీతాలిచ్చి తాళపత్రాలు సేకరించి వాటిలోని రచనల పాఠాలు సరిచేయించాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇవాళ ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. కానీ గమనించండి, ఆయన డబ్బు గోడల మీద కాక పాఠం మీద పోయింది. అందుకే నిలిచింది. పది లక్షలు లైబ్రరీకి ఇస్తే రెండు బీరువాలు, ఒక నామఫలకం వస్తాయి. కొత్త నవల ఒక్కటీ పుట్టదు.

కాబట్టి నా మొగ్గు కూతురి వైపే. అచ్చు కాని రాతప్రతులనే పిలవాలి, రచయిత పేరు కనబడకుండా నిర్ణేతలకు ఇవ్వాలి, నెగ్గినదాన్ని ట్రస్టే అచ్చు వేయాలి. ఇలాంటి పోటీ కొత్త కాదు. అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా నవలల పోటీలో 2019లో రెండు లక్షల బహుమతి కడప జిల్లా రచయితకే వచ్చింది. అయితే అక్కడ చేయి తిరిగినవాళ్లూ దిగుతారు, మొదటిసారి రాసినవాళ్లకు వాళ్లతో పోటీ కష్టం. ఇక్కడ తొలి నవలకే అని గీత గీయాలి.

అసలులో కలిపేది పోను ఏటా 55 వేలు, రెండేళ్లకొకసారి చేస్తే చేతిలో లక్షా పదివేలు ఉంటాయి. రెండు వందల పేజీలు, అయిదు వందల కాపీలంటే కాగితం ధరను బట్టి యాభై, అరవై వేలు పెట్టుకోవాలి. రచయితకు 30 వేలు. ఒక 15 వేలు ఎడిటర్‌కు తప్పకుండా ఇవ్వాలి, ఇందులో మాత్రం బేరం వద్దు. తొలి నవలల్లో మంచి కథ నలభై పేజీల ఉపన్యాసాల కింద నలిగిపోవడం ఎంతో చూశాం. సీమ మాటను తప్పనుకుని దిద్దేసే ప్రూఫ్ రీడర్‌కు కాకుండా ఈ మాట తెలిసినవాళ్లకు ఇస్తే సగం గండం గడిచినట్టే. మిగిలింది పోస్టేజీకి. వంద కాపీలు జిల్లా శాఖా గ్రంథాలయాలకు, కాలేజీలకు ఉచితంగా పంపొచ్చు. కొన్ని జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి.

పిల్లలు మరిచిపోయిన ఆస్తి ఇంకొకటి ఉంది, నాయన రాసిన నవలల హక్కులు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లు అవి వారసులవే. తెలుగులో మంచి పాత నవలలు మళ్లీ అచ్చు కాకపోవడానికి ఒక కారణం, అనుమతి ఎవరిని అడగాలో తెలియకపోవడం. ముగ్గురు పిల్లలూ సంతకాలు పెట్టి ఆ హక్కులను ట్రస్టు పేరున రాసి, దస్తావేజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తే దమ్మిడీ ఖర్చు లేకుండా నాయన పేరు నిలిచే పని అది. రిజిస్ట్రేషన్ ఫీజు తప్ప.

పెద్దకొడుకు మాత్రం సభ లేకుండా ఎట్లా అంటున్నాడు. పెట్టుకోనీ. అచ్చయిన పుస్తకం ఆవిష్కరణే ఆ సభ అయితే హాలు అద్దె ఒక్కసారితో పోతుంది. వచ్చినవాళ్లు శాలువాకు బదులు తలా ఒక కాపీ కొనాలని పిలుపు కార్డు మీదే వేయమన్నాను.