హనుమకొండ గో-కార్టింగ్ ట్రాక్ రివ్యూ: ఇంజన్లు బాగున్నాయి, హెల్మెట్లు బాగాలేవు

హనుమకొండ శివార్లలో కొత్తగా పెట్టిన గో-కార్టింగ్ ట్రాక్‌కు మా అక్క కొడుకును తీసుకుని పోయి వచ్చాను. ఐదుకు మూడు స్టార్లు ఇస్తున్నా. పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పిన లోపాలు సరిచేస్తామని మేనేజర్ మాటిచ్చాడు, వాళ్ళకు కొంచెం టైం ఇవ్వాలి. అయినా కింద రాసింది ఏ ఊళ్ళో ఏ ట్రాక్‌కు పోయినా పనికొస్తుంది.

నాకు ములుగు రోడ్డులో కార్ల షెడ్డు ఉంది కాబట్టి ఎక్కడికి పోయినా ముందు వంగి బండి కింద చూస్తా. పైగా అమెరికాలో జరిగే నాస్కార్ స్టాక్ కార్ రేసులంటే, అంటే బయటకు మామూలు రోడ్డు కార్లలా కనబడే బండ్ల రేసులంటే నాకు చాలా ఇష్టం, అక్కడ ఆదివారం మధ్యాహ్నం మొదలయ్యే రేసు మనకు అర్ధరాత్రి అవుతుంది, అయినా మేలుకుని చూస్తా. అందుకే ఈ రివ్యూలో ఆ రేసుల సంగతి కూడా వస్తుంది.

ముందు బాగున్నవి చెప్తా. తారు కొత్తది, ఎక్కడా గుంతలు లేవు. ఒక పొడుగు స్ట్రెయిట్, దాని చివర పూర్తిగా వెనక్కి తిరిగే మలుపు, తర్వాత వరుసగా చిన్న చిన్న వంకర్లు, అంటే వేసినవాళ్ళకు కొంచెం తెలుసు. బండ్లకు 6.5 హార్స్‌పవర్ సింగిల్ సిలిండర్ పెట్రోల్ ఇంజన్లు, ట్యూనింగ్ బాగా చేశారు, పొగ లేదు, పికప్‌లో వణుకు లేదు. సీటు నేలకు జానెడు ఎత్తు కూడా ఉండదు కాబట్టి 40 స్పీడులో పోతున్నా 80లో పోతున్నట్టు ఉంటుంది. ఈ బండ్లకు డిఫరెన్షియల్ ఉండదు, వెనక రెండు చక్రాలూ ఒకే యాక్సిల్ మీద కలిసే తిరుగుతాయి, బ్రేకు కూడా ఆ యాక్సిల్‌కు ఒక్కటే. మలుపులోకి పోయాక గాభరాపడి బ్రేకు తొక్కితే వెనక భాగం గిర్రున తిరిగిపోతుంది. తొక్కాల్సిందేదో మలుపు రాకముందే, స్టీరింగ్ నేరుగా ఉన్నప్పుడే తొక్కాలి. ఇది ఎక్కేముందు రెండు నిమిషాలు చెప్తే చాలు, మావాడికి ఎవరూ చెప్పలేదు, నేనే చెప్పా. చెప్పాక వాడు నాలుగో రౌండుకే ఆ మలుపు నీటుగా తీశాడు, దిగాక వాడి మొహం చూస్తే మళ్ళీ తీసుకురాక తప్పదని అర్థమైంది.

ఎనిమిది రౌండ్లకు 350 రూపాయలు. ఈ నాణ్యతకు ఎక్కువేం కాదు.

ఇక హెల్మెట్ల సంగతి. కౌంటర్ పక్కన ఇనుప స్టాండు మీద వరుసగా పెట్టారు, దూరం నుంచి అన్నీ మెరుస్తున్నాయి. మావాడికి ఇచ్చినదాని బకిల్ 'టిక్' మని పడింది, నేను పట్టీ పట్టుకుని కొంచెం గుంజితే ఊడి చేతికొచ్చింది. రెండోది తీసుకుని లోపలి గుడ్డ పక్కకు జరిపి చూస్తే, నుదురు తగిలే చోట థర్మాకోల్ బొటనవేలు మేర నొక్కుకుపోయి ఉంది. చాలామందికి తెలియని విషయం ఏంటంటే, హెల్మెట్‌లో తలను కాపాడేది పైన మెరిసే డొప్ప ఒక్కటే కాదు, లోపలి ఆ థర్మాకోల్ కూడా. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, ఆ దెబ్బను తాను తీసుకుంటుంది. ఒకసారి నలిగితే దాని పని అయిపోయినట్టే, మళ్ళీ ఉబ్బదు. బయట గీత కూడా లేకపోవచ్చు, కానీ ఆ హెల్మెట్‌ను పారేయాలి. మూడోది బాగుంది, అది పెట్టించా. మా తర్వాత వచ్చిన కాలేజీ పిల్లలు స్టాండు మీద ఏది దొరికితే అది పెట్టుకుని పోయారు, అడిగినవాడు లేడు, చూసినవాడు లేడు.

చైన్ సంగతి కూడా చెప్పాలి. ఇంజన్ నుంచి వెనక యాక్సిల్‌కు చైన్ పోతుంది, దాని మీద కవర్ ఉండాలి. నేను వంగి చూసిన ఒక బండికి ఆ కవర్ బోల్టు పోతే బైండింగ్ వైరు చుట్టి నడిపిస్తున్నారు. పొడుగు జుట్టుతో, చున్నీతో ఆడపిల్లలు వచ్చే చోట ఇది అస్సలు చేయకూడని పని. 2020 అక్టోబరులో హైదరాబాద్ శివారు గుర్రంగూడలో ఒక బీటెక్ అమ్మాయి గో-కార్టింగ్ చేస్తుంటే జుట్టు చక్రంలో చిక్కుకుంది, తలకు దెబ్బ తగిలి చనిపోయింది. సరదాగా గడుపుదామని పోయిన పిల్ల. ఇంత జరిగాక కూడా తలకు కట్టుకోవడానికి గుడ్డ టోపీ ఇవ్వకుండా, కనీసం జుట్టు ముడేసుకోమని కూడా చెప్పకుండా బండెక్కిస్తున్నారంటే నాకు కోపం రాదా?

ఈ మాటే కౌంటర్‌లో ఉన్న పిల్లవాడితో అన్నా. "అన్నా, ఇదేమన్నా పెద్ద రేసా, ఊకె ఫన్. సీరియస్‌గా తీసుకోకుండ్రి" అన్నాడు. తప్పు వాడిది కాదు, వాడికి అట్లా నేర్పారు. కానీ నాకు అసలు మంట అక్కడే. ఆట అనుకుంటే రూల్సు ఉంటాయి, చెకింగ్ ఉంటుంది, ఫన్ అనుకుంటే ఏదీ అక్కర్లేదన్నమాట.

కార్ల రేసు ఆట కాదనేవాళ్ళు మన దగ్గర బాగా ఎక్కువ. కూర్చుని స్టీరింగ్ తిప్పడమేగా అంటారు. 2009లో మన కేంద్ర క్రీడల శాఖే ఫార్ములా వన్ పూర్తిగా ఆట కాదు, వినోదం అని తేల్చింది. అదే దేశంలో 2019లో ర్యాలీ డ్రైవర్ గౌరవ్ గిల్‌కు అర్జున అవార్డు ఇచ్చారు, కార్ల రేసింగ్‌లో ఆ అవార్డు తీసుకున్న మొదటివాడు ఆయనే. ఇక స్టాక్ కార్ రేసులనైతే అమెరికాలోనే ఎడమకు తిప్పుతూ గుండ్రంగా తిరగడమేగా అని తీసిపారేసేవాళ్ళున్నారు. ఈ రేసులకు పేరుపడ్డ డేటోనాలో ట్రాక్ రెండున్నర మైళ్ళు, మలుపుల్లో 31 డిగ్రీల వాలు. మన ఎగ్జిబిషన్‌లో మృత్యుబావి గోడ మీద బండి నడిపేవాళ్ళను చూసినవాళ్ళకు ఆ వాలు, స్పీడు కలిసి బండిని మలుపులో ఎట్లా పట్టుకుంటాయో చెప్పక్కర్లేదు. ఒకటిన్నర టన్నుల కార్లు నలభై దాకా, ముందు బండి బంపర్‌కు వెనక బండి బంపర్ దాదాపు ఆనిచ్చి, గంటకు 300 కిలోమీటర్ల స్పీడులో గుంపుగా పోతాయి. డేటోనా 500 అంటే 200 రౌండ్లు, 800 కిలోమీటర్లు. కారు లోపల వేడి 50 డిగ్రీలు దాటుతుంది, రేసు అయ్యేసరికి డ్రైవర్ చెమటలోనే రెండు మూడు కిలోలు తగ్గుతాడు. ఆ మూడు నాలుగు గంటల్లో ఒక్క క్షణం చూపు పక్కకు పోయినా వెనక పదిహేను కార్లు కుప్పపడతాయి. ఇది ఆట కాకపోతే ఏది ఆట?

అట్లాగని ప్రమాదం ఉంది కాబట్టే ఆట అని నేను అనను. ప్రమాదమే కొలత అయితే రాత్రి పదకొండు దాటాక రింగు రోడ్డు మీద సైలెన్సర్ పీకేసి బైకులు ఉరికించే పోరగాళ్ళు కూడా క్రీడాకారులే అవుతారు. ఆ బండ్లు విరిగి మా షెడ్ల దగ్గరికే వస్తాయి, వాటి మీద కూర్చున్నవాళ్ళ గతి ఏమైందో అడగడానికి కూడా నోరు రాదు. ప్రాణం పోయే చోటు ఏదో ముందే లెక్కపెట్టి, అక్కడ అడ్డం కట్టుకుని, ఆ తర్వాత ఎవరు ముందో తేల్చుకునేదాన్నే నేను ఆట అంటా.

నాస్కార్ దాన్ని చాలా ఖరీదుగా నేర్చుకుంది. 1948లో మొదలైన సంస్థ అది, అంతకుముందు దొంగసారా కార్లలో వేసుకుని పోలీసులకు దొరకకుండా ఉరికినవాళ్ళలో కొందరు మొదటి డ్రైవర్లయ్యారు. 1964లో షార్లెట్‌లో ఫైర్‌బాల్ రాబర్ట్స్ అనే పెద్ద డ్రైవర్ కారు మంటల్లో చిక్కి, కాలిన గాయాలతో కొన్ని వారాలకు చనిపోయాడు. ఆ రోజుల్లో అలా జరిగాకనే పెట్రోలు ట్యాంకులో పగలని రబ్బరు సంచీ వచ్చింది. 1970లో డార్లింగ్టన్‌లో రిచర్డ్ పెట్టీ కారు పల్టీలు కొడుతుంటే ఆయన తల, చెయ్యి కిటికీలోంచి బయట వేలాడుతూ కనబడ్డాయి, ఆయన బతికాడు, ఆ తర్వాత కిటికీకి వల తప్పనిసరి చేశారు. 2000లో ఆయన మనవడు ఆడమ్ పెట్టీ 19 ఏళ్ళకే న్యూహాంప్‌షైర్ ట్రాక్ మీద ప్రాక్టీసులో పోయాడు. రెండు నెలలకు అదే ట్రాక్ మీద, అదే మలుపులో కెన్నీ ఇర్విన్ పోయాడు. అప్పుడైనా కళ్ళు తెరవాల్సింది. తెరవలేదు.

2001 ఫిబ్రవరి 18న డేటోనా 500 చివరి రౌండు, చివరి మలుపులో డేల్ ఎర్న్‌హార్ట్ కారు గోడకు కొట్టుకుంది. ఏడుసార్లు చాంపియన్. టీవీలో చూస్తే అంత పెద్ద దెబ్బలా కూడా అనిపించదు, పల్టీ లేదు, మంట లేదు. ఒళ్ళు బెల్టులో ఆగిపోయింది, తల ఆగలేదు, పుర్రె అడుగున ఎముక విరిగింది. దాన్ని ఆపే పట్టీ అప్పటికే ఉంది. హాన్స్ అంటారు, భుజాల మీద కూర్చునే కాలర్, దాని నుంచి హెల్మెట్‌కు రెండు పట్టీలు. 1980ల్లోనే మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రాబర్ట్ హబ్బర్డ్, రేసు డ్రైవరైన ఆయన బావమరిది జిమ్ డౌనింగ్ కలిసి తయారుచేశారు. ఇరవై ఏళ్ళు చాలామంది అది ఇబ్బందిగా ఉందని పక్కన పెట్టారు. ఎర్న్‌హార్ట్ పోయాక, 2001 అక్టోబరులో తప్పనిసరి చేశారు. 2002 నుంచి గోడలు కూడా మారాయి, నెబ్రాస్కా యూనివర్సిటీ ఇంజనీర్లు చేసిన సేఫర్ గోడ, ముందు ఉక్కు గొట్టాలు, వెనక ఫోమ్ దిమ్మెలు, దాని వెనక కాంక్రీటు. హెల్మెట్‌లో థర్మాకోల్ చేసే పనే అది, దెబ్బ మనిషి దాకా రాకుండా తాను నలుగుతుంది. ఎర్న్‌హార్ట్ తర్వాత నాస్కార్ పై స్థాయి సిరీస్‌లో రేసులో ఒక్క డ్రైవర్ కూడా చనిపోలేదు. 2015లో కైల్ బుష్ డేటోనాలో ఆ సేఫర్ గోడ లేని చోటే వెళ్ళి కొట్టుకుని కుడి కాలు, ఎడమ పాదం విరగ్గొట్టుకున్నాడు, 11 రేసులు పోయినా అదే ఏడాది చాంపియన్ అయ్యాడు. 2020లో రయన్ న్యూమన్ కారు అదే ట్రాక్ మీద తలకిందులుగా నిప్పులు రాల్చుకుంటూ పోయింది, చూసినవాళ్ళు ఆశ వదులుకున్నారు, రెండు రోజులకు ఇద్దరు కూతుళ్ళ చేతులు పట్టుకుని ఆస్పత్రి నుంచి నడిచి బయటకొచ్చాడు.

ఇంత చేసినా ప్రమాదం పోదు. 2022లో కర్ట్ బుష్ అనే డ్రైవర్ కారు వెనక భాగం గోడకు కొట్టుకుని ఆయన తలకు దెబ్బ తగిలింది, ఫుల్‌టైం రేసులు అంతటితో ఆగిపోయాయి. మన దగ్గర 2023లోనే చెన్నై ట్రాక్ మీద జనవరిలో 59 ఏళ్ళ సీనియర్ డ్రైవర్ కె.ఇ.కుమార్ కార్ల రేసులో, ఆగస్టులో 13 ఏళ్ళ బెంగళూరు కుర్రాడు బైకుల రేసులో పోయారు. అవి లైసెన్సులు, డాక్టర్లు, అంబులెన్సులు ఉన్న రేసులు. అవేవీ లేని మన కార్టింగ్ ట్రాక్‌లో ఎంత జాగ్రత్త ఉండాలో మీరే చెప్పండి.

ఇక్కడ చుట్టూ టైర్లైతే పేర్చారు, కానీ ఒకదానికొకటి బోల్టులతో బిగించలేదు. స్ట్రెయిట్ చివర మలుపు దగ్గర ఒక చోట టైర్లు జరిగిపోయి వెనక ఇనుప స్తంభం కనబడుతోంది. బిగించని టైరు బండిని ఆపదు, ఎగిరి పక్కకు పడుతుంది. జెండా పట్టుకున్నవాడు ఒకడే, ట్రాక్‌లో సగం వాడికి కనబడదు. మేమున్నప్పుడే ఒకమ్మాయి బండి అడ్డం తిరిగి ఆగిపోతే, వెనక వచ్చేవాళ్ళకు పసుపు జెండా చూపించేసరికి ఇద్దరు పక్కనుంచి దూసుకుపోయారు. ఎవరికీ ఏం కాలేదు. ఎక్కేముందు మాత్రం ఏం జరిగినా మాకు సంబంధం లేదని రాసిన కాగితం మీద సంతకం తీసుకుంటారు, ఆ పనిలో మాత్రం ఏ లోటూ లేదు.

మేనేజర్‌ను పిలిచి బైండింగ్ వైరు, హెల్మెట్లు, స్తంభం అన్నీ చూపించా. మంచి మనిషి, విసుక్కోలేదు. ఫోన్లో ఫొటోలు తీసుకున్నాడు, ఆ బండిని అప్పుడే పక్కకు నెట్టించాడు. కొత్త హెల్మెట్లు తెప్పిస్తామన్నాడు. కావాలంటే టైర్లు బిగించే పని నేనే వచ్చి చేసిపెడతానని చెప్పా, నంబరు ఇచ్చి వచ్చా.

పోయేవాళ్ళకు: బూట్లు వేసుకోండి, చెప్పులతో ఎక్కొద్దు. చున్నీ, కండువా, మెడలో ఐడీ కార్డు తీసి పక్కన పెట్టండి. జుట్టు ముడేసి గుడ్డ కట్టుకుని దాని మీద హెల్మెట్ పెట్టుకోండి, గుడ్డ ఇంటి నుంచే తెచ్చుకోండి. బకిల్ పెట్టాక పట్టీ గుంజి చూడండి, లోపల థర్మాకోల్ వేలితో తడిమి చూడండి, నొక్కుకుపోయి ఉంటే వేరేది అడగండి, సిగ్గుపడొద్దు. బండి మీ ముందు అడ్డం తిరిగితే జెండా కోసం చూడకుండా మీరే స్లో చేయండి. పన్నెండేళ్ళ లోపు పిల్లలను ఇప్పుడైతే తీసుకుపోవద్దనే చెప్తా.

ఆదివారం సాయంత్రం క్యూ గంట దాకా ఉంటుంది, మామూలు రోజుల్లో పొద్దున పోతే ట్రాక్ ఖాళీగా ఉంటుంది. హెల్మెట్లు మార్చి, టైర్లు బిగించినట్టు నా కళ్ళతో చూస్తే స్టార్లు పెంచుతా, పేరు కూడా రాస్తా.