కుక్కలతో ఓరుగల్లు చుట్టూ: ఒక వంటింటి కోసం చేసిన యాత్ర

ములుగు దగ్గర మా మామయ్యగారు ఎప్పుడో కొన్న కాస్త జాగా ఉంది. పండగలకూ వేసవి సెలవులకూ వెళ్లి ఉండేలా అక్కడ చిన్న ఇల్లు కట్టుకోవాలని మా ఆలోచన. పడకగదుల విషయంలో అందరం గంటలో ఒక మాటకొచ్చాం. వంటింటి దగ్గరే బండి ఆగింది. మా ఆయనకు హాల్లో కలిసిపోయిన వంటిల్లు కావాలి. అత్తయ్యకు తలుపు వేసుకోగలిగిన వంటిల్లు కావాలి. అమ్మాయికి కుక్కలు ఎక్కడ పడుకుంటాయన్నది తేలితే చాలు. కాగితం మీద ఇది తెమలదని, జనగామ నుంచి లక్నవరం దాకా అద్దెకిచ్చే ఇళ్లలో దిగి, స్వయంగా వండుకుని చూద్దామని బయలుదేరాం. కుక్కలు రెండూ మా వెంటే. భీముడు ముసలి లాబ్రడార్. చుక్క మా వీధిలో దొరికిన నాటు కుక్క.

సెలవుల ఇంట్లో వంటిల్లు రోజూ వాడేది కాదు. నెలల తరబడి మూసి ఉండి, ఒక సాయంత్రం హఠాత్తుగా మనుషులతో, సంచులతో, ఆకలిగొన్న కుక్కలతో నిండిపోతుంది. అందుకే తాళం తీసిన గంటలో, తిరిగి తాళం వేసే గంటలో అది ఎలా ఉంటుందో చూడాలని నేను ముందే అనుకున్నాను. ఆ మధ్యలో వంట ఏ గట్టు మీదైనా అవుతుంది.

హైదరాబాదు నుంచి ఓరుగల్లుకు సుమారు 150 కిలోమీటర్లు, 163వ నంబరు జాతీయ రహదారి. భువనగిరి దాటాక ప్రయాణం తేలికవుతుంది. జనగామకు ముందు వచ్చే పెంబర్తి ఇత్తడి రేకు పనికి పేరున్న ఊరు. అత్తయ్య అక్కడ దిగితే గంటకు తక్కువ తేలదు, ఎండలో నిలిపిన కారులో కుక్కలను ఉంచితే నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. తిరుగు ప్రయాణంలో చూద్దామని ఆవిడను బుజ్జగించి ముందుకు సాగాం.

మొదటి మజిలీ జనగామ దాటాక ఒక తోట ఇల్లు. ఫొటోల్లో చూసి మా ఆయన మురిసిపోయిన వంటిల్లు ఇదే: గోడ లేదు, తలుపు లేదు, తెల్లటి అద్దంలాంటి టైల్స్. భీముడు రెండడుగులు వేసేసరికి వెనక కాళ్లు చెరోవైపు జారిపోయాయి. నడుము పట్టు తప్పిన ముసలి కుక్కకు అది నేల కాదు, శిక్ష. అమ్మాయి మంచాల మీది దుప్పట్లు తెచ్చి పొయ్యి దాకా దారి పరిచింది. ఇక వంట మొదలైందంటే కుక్కలు రెండూ కాళ్ల దగ్గరే. వేడి నూనె మూకుడు చేతిలో ఉన్నప్పుడు వెనక ఎవరు పడుకున్నారో చూసుకుంటూ తిరగడం ఎంత కష్టమో గరిటె పట్టిన వాళ్లకు తెలుస్తుంది. చెత్తబుట్ట గట్టు కింద మూత లేకుండా ఉంది. ఉడికిన కోడి ఎముకలు పుల్లల్లా చీలి కుక్కల పేగుల్లో గుచ్చుకుంటాయి కాబట్టి, నాటుకోడి పులుసు తిన్న రాత్రి ఆ బుట్టను బాత్రూములో పెట్టి గొళ్లెం వేయాల్సి వచ్చింది.

సింకు కింది తలుపులు కూడా వంగి చూశాను. పొట్టు చెక్కతో చేసినవి, నీరు తగిలి అంచులు అప్పడాల్లా ఉబ్బిపోయాయి. ఇల్లు కొత్తదే. అయితే న్యాయంగా చెప్పాలంటే సేవలో వంక లేదు. తోట చూసుకునే ఆయన మేం దిగేసరికే ఫ్రిజ్ ఆన్ చేసి, మంచినీళ్లు పట్టి, కుక్కల కోసం రెండు మట్టి తొట్లు కడిగి ఉంచాడు. గ్యాస్ బండ ఇంటి వెనక జాలీ గూట్లో ఉంది, గొట్టం గోడ గుండా లోపలికి వస్తుంది. ఈ ఒక్క ఏర్పాటును మాత్రం మేం ఉన్నదున్నట్టు తీసుకున్నాం. వంటగ్యాసు గాలి కంటే బరువైనది. లీకైతే నేలబారున పేరుకుంటుంది, కుక్కలు పడుకునేదీ అక్కడే.

హనుమకొండలో దిగింది పాత ఇంట్లో. వేయి స్తంభాల గుడికి పొద్దున్నే నడిచి వెళ్లి రావచ్చు. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడికి మేం వంతులవారీగా వెళ్లాం, ఎవరో ఒకరు కుక్కల దగ్గర ఉండాలి కదా. సాయంత్రాలు భద్రకాళి చెరువు వైపు నడక.

ఆ ఇంటి తలుపు తీయగానే మురుగు కంపు గుప్పుమంది. సింకులో బొద్దింకలు. అత్తయ్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరగబోతే, పక్క వాటాలో ఉండే ఇంటి యజమానురాలు చెంబెడు నీళ్లు తూములో పోసి, "నెల నుంచి ఎవరూ దిగలేదమ్మా, వంపులో నీళ్లు ఆరిపోయాయి" అన్నారు. సింకు కింద గొట్టానికి ఉండే వంపులో ఎప్పుడూ కాస్త నీరు నిలిచి మురుగుకాలువకు మూతలా పనిచేస్తుంది. ఇల్లు మూసి ఉంటే ఆ నీరు ఆవిరైపోతుంది, దారి తెరుచుకుంటుంది. వెళ్లేటప్పుడు తూములో నీళ్ల మీద ఒక చెంచా వంటనూనె పోస్తే పైన పొరలా తేలి నీటిని ఆరనివ్వదట. ఈసారి తొందరలో మరిచిపోయానని ఆవిడే నవ్వారు. ఏ ఇంటీరియర్ దుకాణంలోనూ ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు.

కంపు పోయాక ఆ వంటిల్లు మెల్లమెల్లగా మా మనసు దోచుకుంది. గట్టు కింద చెక్క అన్నదే లేదు. గోడలోకి దించిన కడప బండల అరలు, ముందు చిన్న తెర. చెద పట్టదు, ఉబ్బదు, కుక్క వెంట్రుకలు ఒక్క చీపురు వేటుతో పోతాయి. నేల తాండూరు బండలు, గరుకు తగ్గనివి. భీముడు జారకుండా నడిచి, మధ్యాహ్నం ఆ చల్లటి బండ మీద పొట్ట ఆనించి పడుకున్నాడు. పెరటి వైపు తలుపు రెండు ముక్కలు. కింది సగం వేసి పై సగం తీస్తే గాలీ వెలుతురూ వస్తాయి, కుక్కలు రావు. వాటికి మనం కనిపిస్తుంటాం కాబట్టి ఏడుపూ ఉండదు. అత్తయ్య ఆ తలుపుకు ఆనుకుని సర్వపిండి తడుతూ, చుక్కకు ఒక ముక్క విసరబోయింది. పిండిలో ఉల్లికాడలూ వెల్లుల్లీ ఉన్నాయని అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాలకు చేటు. పాయసం గిన్నె నాకించే ఇళ్లలో ఈ సంగతి గట్టిగా చెప్పాలి.

లోపాలున్నాయి. గట్టు మరీ పొట్టి, రెండు పూటలకే నా నడుము పట్టేసింది. నిలబడ్డప్పుడు మోచేతి కంటే నాలుగైదు అంగుళాలు కింద గట్టు ఉండాలి. మామూలు ఎత్తు మనుషులకు అది దాదాపు 33, 34 అంగుళాలు. ఇక కోతులు. పై సగం తలుపు తీసి పక్క గదిలోకి వెళ్లొచ్చేసరికి టమాటాల బుట్ట ప్రహరీ మీద ఉంది. చుక్క మొరిగినందుకు కోతి అక్కడి నుంచే ఒకటి విసిరింది. ఉత్తర తెలంగాణలో ఇల్లు కట్టే వాళ్లు ఇనుప జాలీ ఖర్చును ముందే రాసుకోవాలి.

లక్నవరం వైపు మజిలీ గురించి ఎక్కువ చెప్పను. చెరువు అందం, వేలాడే వంతెన అందరికీ తెలిసినవే. మేం దిగింది చెరువుకు కాస్త ఎడంగా ఒక ప్రైవేటు బసలో. కుక్కలకు అభ్యంతరం లేదని ఫోనులో చెప్పి, తీరా దిగాక గదిలోకి రానివ్వం, బయట కట్టేయండి అన్నారు. అడవి అంచున రాత్రి కుక్కలను బయట కట్టడమా? చివరికి వరండా ఇచ్చారు, నేనూ అమ్మాయీ వాటితోపాటు అక్కడే పడుకున్నాం. అలాంటి చోట్ల మాట తీసుకుంటే సరిపోదు, "కుక్కలు గది లోపల పడుకుంటాయి" అని మనమే రాసి పంపి ఒప్పుకోలు తీసుకోవాలి. వంటిల్లు పేరుతో ఉన్నది ఒక కరెంటు పొయ్యి, రెండు గ్లాసులు. కరెంటు పోయినప్పుడు అదీ లేదు. మా కొత్త ఇంట్లో వెనక వసారాలో ఒక కట్టెల పొయ్యి ఉండాలని అత్తయ్య ఆ రాత్రే తీర్మానించింది.

అక్కడి నుంచి రామప్పకు వెళ్లాం. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇక్కడా కుక్కలతో వంతులే. పాకాల అభయారణ్యం కాబట్టి అటువైపు పోనేలేదు. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది. ఆ రోజుల్లో మాత్రం కుక్కలతో ఈ దారి పట్టకండి, గంటల తరబడి బండ్ల మధ్య ఇరుక్కుంటారు.

రామప్పలో మండపం నల్లరాతి స్తంభాల నునుపు చూసి మా ఆయన వంటగట్టుకు నల్లరాయే వేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, మెరుగుపెట్టిన నల్లరాతి మీద ప్రతి చుక్కా తెల్ల మచ్చై కూర్చుంటుంది. పాలరాయి అసలే వద్దు, చింతపండు పులుసుకూ నిమ్మరసానికీ దాని మెరుగు చచ్చిపోతుంది. ఓరుగల్లు నుంచి కరీంనగర్ వెళ్లింది ఈ గొడవ తేల్చుకోవడానికే. ఆ జిల్లా గనుల్లో దొరికే ముదురు గోధుమరంగు గ్రానైటును టాన్ బ్రౌన్ అంటారు. నల్ల మచ్చలు, ఎర్రటి మచ్చలు కలగలిసి ఉంటాయి. పలక మీద నీళ్లు చల్లి, చుక్క వెంట్రుకలు నాలుగు రాల్చి, పది అడుగుల దూరం నుంచి చూశాం. ఏమీ కనిపించలేదు. రాళ్ల అడితిలో మమ్మల్ని ఎగాదిగా చూశారు కానీ అంచులు గుండ్రంగా తీసి ఇస్తామన్నారు.

ఇప్పుడు మా పటంలో వంటిల్లు ఇలా ఉంది. గట్టు టాన్ బ్రౌన్, కింద కడప బండల అరలు, నేల తాండూరు బండలు. రెండు గట్ల మధ్య నాలుగడుగుల ఖాళీ, అంటే భీముడు అడ్డంగా పడుకున్నా మనిషి దాటిపోగలడు. పెరటి వైపు గట్టు చివర కింది అర ఖాళీగా వదిలాం, కుక్కల గిన్నెలకు. చీమల బాధ తప్పడానికి గిన్నెను నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టే పాత పద్ధతే. కుక్కల తిండికి మూత బిగుసుకునే స్టీలు బియ్యం డబ్బా, ఎలుకలు సంచినైతే ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. అవే ఎలుకలు రబ్బరు గ్యాస్ గొట్టాన్నీ కొరుకుతాయి కాబట్టి స్టీలు తీగ అల్లిక ఉన్న గొట్టం వేయించి, వెళ్లేటప్పుడు రెగ్యులేటర్ తీసేయాలి. రాత్రిళ్లూ గ్యాసును సిలిండరు దగ్గరే ఆపేయడం మేలు, ముందు కాళ్లు గట్టు మీద వేసే కుక్కలు పొయ్యి మీటలు తిప్పగలవు. పెరటి గడప పక్కన నేలకు అడుగు ఎత్తున ఒక నల్లా, కింద వాలుగా బండ, బురద కాళ్లు కడగడానికి. ఫ్రిజ్ గోడకు ఆనించకుండా జరపగలిగేలా పెట్టాం. ఖాళీ చేసి తుడిచి, తలుపు సందులో గుడ్డ మడత పెట్టి వదిలేస్తే బూజు పట్టదు.

హాల్లో కలిసిపోయిన వంటిల్లు కావాలన్న మా ఆయనకు దక్కింది హాలు వైపు ఒక వడ్డించే కిటికీ. తలుపు మాత్రం సగానికి తెరుచుకునేదే, జాలీతో సహా. దాని కింది ముక్క ఎత్తు మీద ఇంకా పోరు తెగలేదు. మూడడుగులైతే చుక్క నిలబడ్డ చోటి నుంచే దూకుతుందని అమ్మాయి, నాలుగైతే అటునుంచి గిన్నెలు అందించలేనని అత్తయ్య. మూడున్నర దగ్గర గీత గీసి వడ్రంగికి పంపాం. చుక్క అదీ దూకితే పైన ఇంకో పలక దించడానికి చట్రంలో గాడి వదులుతానన్నాడు.