స్పానిష్ క్లాసులో మొదటి నాటకం: లోర్కానా, లోపెనా?

హైదరాబాద్‌లో స్పానిష్ బి.ఏ. చదివే పిల్లలు మూడో ఏట అడుగుపెట్టగానే నన్ను అడిగేది ఒక్కటే. "మేడమ్, నాటకాల్లో ముందు ఏది చదవమంటారు? లోర్కా తేలికంట కదా?" సీనియర్లు వాళ్లకు అలాగే చెప్తారు. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను. ఈ ఏడాది మాత్రం మా క్లాసుకి ఇరవయ్యో శతాబ్దపు లోర్కాని కాదని, పదిహేడో శతాబ్దంలో లోపె దె వేగా రాసిన 'ఫ్వెంతెఒవెహునా' తీసుకున్నాను. అదొక ఊరి పేరు. తమను వేధించే ప్రభువు, కమాండర్‌ని ఊరంతా కలిసి చంపిన కథ.

లోర్కా తేలిక అన్నది పైకి నిజమే. 1936 జూన్‌లో, అంటే ఆయన్ని చంపేయడానికి రెండు నెలల ముందు, ఆయన పూర్తి చేసిన 'బెర్నార్దా అల్బా ఇల్లు' దాదాపు అంతా వచనం. వాక్యాలు పొట్టివి, మాటలు ఇంట్లో వాడుకునేవి. నిఘంటువు పక్కన పెట్టుకుంటే రెండు వారాల్లో అయిపోతుంది. చిక్కంతా అక్కడే ఉంది. పిల్లలకు మాట అర్థమవుతుంది, మాట వెనక ఉన్నది అందదు, అందలేదన్న సంగతి కూడా తెలియదు.

మొదటి అంకంలో విసనకర్ర ఘట్టమే చూడండి. భర్త అంత్యక్రియలు ముగిసిన రోజు బెర్నార్దా విసనకర్ర అడుగుతుంది. చిన్న కూతురు ఆదెలా ఎర్రపూలు, పచ్చపూలు ఉన్నది అందిస్తుంది. తల్లి దాన్ని నేలకేసి కొట్టి నల్లది ఇమ్మంటుంది. రంగుల సంగతి క్లాసులో అందరూ పట్టుకుంటారు. కానీ ఆదెలా అన్న మాట 'తోమె ఉస్తెద్', 'తీసుకోండి' అని. కన్నతల్లిని 'మీరు' అంటోంది. ఆ ఇంట్లో పనిచేసే పోన్సియా మాత్రం యజమానురాలిని 'తూ' అని, 'నువ్వు' అని పిలుస్తుంది. మన ఇళ్లలో సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది. ఆ ఇంట్లో ఎవరు ఎవరికి దగ్గరో, ఎవరికి ఎవరంటే భయమో ఈ చిన్న తేడాలోనే ఉంది. మూడేళ్ల స్పానిష్‌తో చాలామంది దీన్ని గమనించకుండా దాటిపోతారు. బెర్నార్దా రంగస్థలం మీద అనే మొదటి మాటా, చివరి మాటా 'సిలెన్సియో', నిశ్శబ్దం అనే. ఆ నిశ్శబ్దాన్ని చదవగలగాలంటే భాషలో ఇంకొన్నాళ్లు నానాలి.

లోపె దగ్గర కష్టం మొదట్లోనే ఎదురవుతుంది, దాక్కోదు. పాత రూపాలు, పద్యం, 1476 నాటి రాజకీయం. దానికి భయపడే పిల్లలు వెనక్కి తగ్గుతారు. నా దృష్టిలో అసలు తేల్చాల్సింది ఆ భయం కాదు. నాటకం విద్యార్థి నోట్లోకి వస్తుందా లేదా అన్నది.

మూడో అంకంలో, కమాండర్ ఎత్తుకెళ్తే తప్పించుకొచ్చిన లౌరెన్సియా ఊరి మగవాళ్ల సభలోకి జుట్టు విరబోసుకుని వచ్చి దులిపేస్తుంది. అందులో రెండు పాదాలు బోర్డు మీద రాశాను:

ఒ-వే-హాస్-సోయిస్-బియెన్-లో-దీ-సె
దె-ఫ్వెన్-తెఒ-వె-హూ-నాఎల్-నోమ్-బ్రె

"మీరు గొర్రెలు, మీ ఊరి పేరే ఆ మాట చెప్తోంది" అని. 'ఒవేహా' అంటే గొర్రె. పాదానికి 8 అక్షరాలు. 'తెఒ', 'నాఎల్' రెండూ ఒక్కొక్క అక్షరం కిందే లెక్క. మన సంధిలో 'వాడు ఎక్కడ' అన్నది 'వాడెక్కడ' అయినప్పుడు ఒక అచ్చు పోతుంది. ఇక్కడ రెండూ వినపడతాయి, ఒక్క ఊపిరిలో. గురులఘువుల పట్టింపు లేదు. మనకు ప్రాస రెండో అక్షరంలో ఉంటే, ఈ ఛందస్సులో సరి పాదాల చివర అచ్చులు కలుస్తాయి: 'దొలోరెస్', 'నోంబ్రె', రెండింట్లోనూ ఒ-ఎ. తెలుగు పిల్లలకు ఇది చెప్పగానే కళ్లు వెలుగుతాయి. పద్యనాటకాలు విని పెరిగిన ఒకబ్బాయి మొదటి రోజు పాదం చివర రాగం తీశాడు. పాడొద్దు, అను అన్నాను. వారం తిరక్కుండా ఆ ప్రసంగం పుస్తకం లేకుండా అప్పజెప్పాడు, బహువచనంలో 'మీరు'తో వచ్చే 'సోయిస్' క్రియారూపం కూడా దాంతోపాటే వచ్చేసింది. వ్యాకరణం క్లాసులో అది రెండేళ్లుగా వాడికి అంటలేదు.

ఇంకొకటి, పాత్రలు. లోర్కా నాటకంలో రంగస్థలం మీదికి వచ్చేవాళ్లంతా ఆడవాళ్లే. అమ్మాయిలే ఎక్కువున్న క్లాసుకి అది వరం, కానీ ఎనిమిది మందికి మించి చెప్పుకోదగ్గ మాటలు దొరకవు. లోపె నాటకంలో ఊరే కథానాయకుడు. కమాండర్‌ని చంపింది ఎవరని న్యాయాధికారి 300 మందిని చిత్రహింసలు పెడితే అందరూ ఊరి పేరే చెప్తారు. ఇక లొంగిపోతాడనుకున్న మెంగో కూడా 'ఫ్వెంతెఒవెహునికా' అని ముద్దుపేరుతో అంటాడు. ఆ ఒక్క మాట కోసం మా క్లాసులో ముగ్గురు పోటీపడ్డారు.

లోర్కానే కావాలనేవాళ్లకు ఒక సంగతి చెప్తాను. 1932 నుంచి ఆయన, ఎదువార్దో ఉగార్తె కలిసి విశ్వవిద్యాలయ విద్యార్థులతో 'లా బర్రాకా' అనే బృందం నడిపారు. ఊరూరా తిప్పి ఆడించిన వాటిలో ఈ లోపె నాటకమూ ఉంది. రాజు, రాణి వచ్చే భాగాలు తీసేసి ఆడించారు. ప్రదర్శనకు మేమూ అలాగే తీసేశాం. చదివేటప్పుడు మాత్రం తీయకండి, అవి లేకపోతే కమాండర్ వెళ్లిన యుద్ధం సంగతి సరిగ్గా అర్థం కాదు.

కాల్దెరోన్ 'జీవితం ఒక కల' గొప్పదే, కానీ మొదటి పాదమే గుర్రాన్ని పురాణ జంతువు పేరుతో పిలవడంతో మొదలవుతుంది. ఎం.ఎ.కి ఉంచుకోండి. అరగంట ప్రదర్శన చాలనుకుంటే సెర్వాంతెస్ 'ఎంత్రెమేస్'లలో, అంటే పొట్టి హాస్య నాటికల్లో, ఒకటి తీసుకోవచ్చు.

లోపెతో మొదలుపెట్టేవాళ్లు మొదటి అంకం నుంచి రాకండి. ముందు మూడో అంకం తెరిచి లౌరెన్సియా ప్రసంగం నలుగురూ కలిసి గట్టిగా చదవండి, అక్షరాలు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ. లోర్కాని తర్వాతి సెమిస్టర్‌లో చదవండి, విసనకర్ర దగ్గర ఆగండి.