వీఏఆర్‌కి రెండు స్టార్లు, పీఎస్ఆర్‌కి ఒకటి: ఓ ఎవర్టన్ అభిమాని రివ్యూ

హోటళ్లకీ ఫోన్లకీ రివ్యూలు రాస్తాం కదా, ఇది ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ మా నెత్తిన పెట్టిన రెండు సర్వీసుల మీద. మొదటిది వీఏఆర్. రెఫరీ పొరపాటు చేస్తే వీడియో చూసి సరిదిద్దే ఏర్పాటు, లీగ్‌లోకి 2019-20 సీజన్‌లో వచ్చింది. రెండోది పీఎస్ఆర్. మూడేళ్లలో ఏ క్లబ్బూ 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టపోకూడదన్న రూలు. ఉద్యోగానికని లివర్‌పూల్ ఊరొచ్చి ఇక్కడి ఎవర్టన్ క్లబ్బు మాయలో పడ్డవాణ్ణి నేను. ఈ రెండింటి దెబ్బా గట్టిగా తిన్న క్లబ్బు మాది.

గోల్ పడగానే ఒళ్లు మరిచి అరవడానికే గ్రౌండ్‌కి వెళ్తాం. ఇప్పుడు బంతి వలలో పడ్డాక ముందు లైన్స్‌మన్ జెండా చూడాలి, ఆ తర్వాత వీడియో గది మాట వినడానికి రెఫరీ చెయ్యి చెవి మీదకి పోయిందేమో చూడాలి. పోయిందా, ఇక అందరం నిలబడి దిక్కులు చూడటమే. మా పాత గ్రౌండ్ గుడిసన్ పార్క్‌లో నా సీటు అప్పర్ బుల్లెన్స్ స్టాండ్‌లో ఉండేది, చెక్క కుర్చీ, చూపుకి అడ్డంగా ఓ స్తంభం. స్క్రీన్ మీద చెక్ చేస్తున్నామన్న ముక్క తప్ప వివరం పెద్దగా వచ్చేది కాదు. ఆఫ్‌సైడా (పాస్ వచ్చే క్షణానికే డిఫెండర్లని దాటి ముందున్నాడా), హ్యాండ్‌బాలా, ఎవరిది తప్పు? హైదరాబాద్‌లో టీవీ ముందున్న మా బావమరిది వాట్సాప్‌లో చెప్పాల్సి వచ్చేది: "బావా, భుజం ఆఫ్‌సైడంట, గీతలు గీస్తున్నారు." పక్క సీటు పెద్దాయన "మీవాడేమంటున్నాడు?" అని నా ఫోన్లోకి తొంగిచూసేవాడు. పుట్టినప్పటి నుంచి ఎవర్టన్‌తోనే ఉన్న మనిషి, తన కళ్ల ముందు పడ్డ గోల్ సంగతి హైదరాబాద్ నుంచి తెలుసుకోవాల్సి వచ్చేది. ఇంతకన్నా అవమానం ఏముంటుంది?

పోనీ తీర్పయినా సరిగ్గా వస్తుందా? 2022 ఫిబ్రవరిలో మాంచెస్టర్ సిటీతో మ్యాచ్ చివర్లో వాళ్ల ఆటగాడు రోడ్రి చేతికి బంతి తగిలింది. వీడియో చూశారు, పెనాల్టీ ఇవ్వలేదు. 1-0తో ఓడిపోయాం. తర్వాత అప్పటి రెఫరీల పెద్ద మైక్ రైలీ క్షమాపణ చెప్పారు. ఆ సీజన్ ఆఖరి వారం దాకా రెలిగేషన్ (కింది డివిజన్‌కి పడిపోవడం) భయంతో నిద్రల్లేవు మాకు, ఆ క్షమాపణ ఎందుకు పనికొచ్చింది? 2023 సెప్టెంబర్ 30న టాటెన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ కొట్టిన గోల్ సంగతి ఇంకా ఘోరం. లివర్‌పూల్ క్లబ్బు మాకు ఊళ్లోనే ఉన్న ప్రత్యర్థి, అయినా చెప్తున్నా, వాళ్లకి జరిగింది పచ్చి అన్యాయం. గ్రౌండ్‌లో గోల్ ఇచ్చేశారనుకుని వీడియో గదిలో వాళ్లు 'చెక్ పూర్తయింది' అనేశారు. అసలు ఇచ్చింది ఆఫ్‌సైడ్, అలా సరైన గోల్ పోయింది. తెలిసేసరికి ఆట మళ్లీ మొదలైంది, ఆపడానికి రూల్ లేదన్నారు.

అలాగని టెక్నాలజీ మీద నాకు కోపం లేదు. 2013 నుంచి ఉన్న గోల్‌లైన్ టెక్నాలజీ చూడండి: బంతి గీత దాటితే క్షణంలో రెఫరీ వాచీకి సిగ్నల్ వస్తుంది. దానికి కళ్లుమూసుకుని ఐదు స్టార్లు ఇస్తా. 2024 జూన్‌లో వీఏఆర్ ఎత్తేద్దామని వుల్వ్స్ క్లబ్బు తీర్మానం పెడితే 19-1తో ఓడింది. నా చేతిలో ఓటుంటే ఎత్తేయమనను, నిమిషంలో తేలకపోతే గ్రౌండ్‌లో రెఫరీ ఇచ్చిందే ఖాయం చేయమంటా.

పీఎస్ఆర్ సంగతికొస్తే కడుపు రగిలిపోతుంది. 2023 నవంబర్ 17న మాకు 10 పాయింట్లు కోశారు. పరిమితి దాటింది 1.95 కోట్ల పౌండ్లు. 14వ స్థానం నుంచి ఒక్కరోజులో 19కి పడ్డాం. ఫిబ్రవరిలో అప్పీలు మీద 4 వెనక్కిచ్చారు, ఏప్రిల్‌లో మరో కేసులో 2 లాక్కున్నారు. గెలిచి ఇంటికొచ్చినా ఎన్నో స్థానంలో ఉన్నామో నమ్మకంగా చెప్పలేని సీజన్ అది. తప్పు చేస్తే శిక్ష ఉండాలి, కాదనను. మరి డబ్బు రూల్స్ మీరారని మాంచెస్టర్ సిటీ మీద నూటికి పైగా అభియోగాలు 2023 ఫిబ్రవరిలోనే మోపారు. వాళ్లు కాదంటున్నారు, సరే. విచారణ మొదలవడానికే 2024 సెప్టెంబర్ దాకా ఎందుకు పట్టింది? చెల్సీ తన రెండు హోటళ్లని తన సొంత గ్రూపు కంపెనీకే 7.65 కోట్ల పౌండ్లకు అమ్మి లెక్క సరిచేసుకుంది. అప్పటి లీగ్ రూల్స్‌లో దానికి అడ్డే లేదు.

అన్నిటికన్నా నొప్పించేది సొంత పిల్లల్ని అమ్ముకోవడం. 5 కోట్లకు కొన్న ఆటగాడి ఖర్చు ఐదేళ్ల కాంట్రాక్టులో ఏటా కోటి చొప్పున లెక్కలోకి వస్తుంది. అకాడమీలో పెరిగిన కుర్రాడికి కొన్న ధరే లేదు కాబట్టి, అమ్మితే వచ్చిందంతా లాభమే. అందుకని ఖాతాలు మూసే జూన్ 30 దగ్గరపడితే ముందు వాళ్లకే గేటు చూపిస్తారు. లూయిస్ డాబిన్ 2023 డిసెంబర్‌లో చెల్సీ మీద ఆఖరి నిమిషాల్లో గోల్ కొట్టినప్పుడు గుడిసన్ ఊగిపోయింది. మనవాడు, మన అకాడమీ! మరుసటి ఏడాది జూన్‌కల్లా ఆస్టన్ విల్లా క్లబ్బుకి అమ్మేశారు, అదే నెలలో విల్లా కుర్రాడు ఇరోగ్బునమ్‌ని మనం కొన్నాం. రెండు క్లబ్బుల లెక్కలూ అందంగా కనబడ్డాయి.

రెండు సర్వీసులూ కలిసి ఒకేరోజు మా మీద పడ్డది 2023 నవంబర్ 26న. పాయింట్లు కోశాక గుడిసన్‌లో అదే మొదటి మ్యాచ్. లీగ్ గీతం మొదలవగానే నాలుగు స్టాండుల్లోనూ గులాబీ రంగు కార్డులు లేచాయి, వాటి మీద అవినీతిపరులని రాసి ఉంది. ఆ అరుపులకి పక్కవాడి మాట వినపడలేదు. రెండో సగంలో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు మార్షల్ పడిపోతే, నటించాడని రెఫరీ యెల్లో కార్డు చూపించాడు. అంతలో వీఏఆర్ పిలుపు, మానిటర్ దగ్గరకు పరుగు, కార్డు రద్దు, పెనాల్టీ. 3-0తో ఓడాం.

2026-27 నుంచి పీఎస్ఆర్ బదులు ఆటగాళ్ల మీద ఖర్చు ఆదాయంలో 85 శాతం దాటకూడదన్న రూలు తెస్తున్నారు. ఆదాయం ఎక్కువున్న క్లబ్బే ఎక్కువ ఖర్చు పెట్టుకోవచ్చన్నమాట, మాలాంటివాళ్లకి ఇందులో ఒరిగేదేంటో నాకు కనబడటం లేదు.

ఇక్కడికి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లెవరైనా ఫుట్‌బాల్ చూద్దామనుకుంటే ఒక సలహా. మెర్సీ నది దాటి బర్కెన్‌హెడ్ వెళ్లండి, ట్రాన్మియర్ రోవర్స్ గ్రౌండ్ ప్రెంటన్ పార్క్ అక్కడే. కింది డివిజన్ ఆట, టికెట్ చౌక, లీగ్ మ్యాచుల్లో వీఏఆర్ లేదు. జెండా లేవకపోతే చాలు, గొంతు పోయేలా అరుచుకోవచ్చు.