విజయవాడ సింగ్‌నగర్ వైపు వాళ్ళు జాగ్రత్త: వరద ఇళ్ళకి వైరింగ్ చేస్తానని తిరిగే మనిషిని ఇంట్లోకి రానివ్వకండి

నిన్న రాత్రి ఫ్రిజ్ తలుపు పట్టుకోగానే మా అమ్మకి షాక్ కొట్టింది. వెనక్కి పడబట్టి బతికింది. నాకు ఇంకా చేతులు వణుకుతున్నాయి.

2024 సెప్టెంబరు ఒకటో తారీఖున బుడమేరు వాగు పొంగి మన మీద పడిన సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మా ఇంట్లో ఛాతీ లోతు నీళ్ళు. ఫైరింజన్ వాళ్ళు వీధి కడిగి వెళ్ళిన మర్నాడే అతను వచ్చాడు. బండి మీద తిరుగుతూ, క్లీనింగు, వైరింగు, ఫ్రిజ్జు అన్నీ కలిపి ప్యాకేజీ అంటున్నాడే, అతనే. 7,500 అడిగాడు. ప్రభుత్వం ప్రకటించిన 25 వేల వరద సాయం అప్పటికి ఇంకా పడలేదు. అమ్మ గాజులు తాకట్టు పెట్టిన డబ్బులోంచి మొత్తం ముందే ఇచ్చేశాను. నాదే తప్పు.

బ్లీచింగ్ చల్లిన నేల మీదే బాత్రూం యాసిడ్ పోశాడు. దగ్గుతూ అందరం బయటికి పరుగెత్తాం. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుందని చదువుకున్నదాన్నే, అప్పుడే పంపేయాల్సింది.

మెయిన్ వేయగానే ఈఎల్‌సీబీ, అంటే షాక్ నుంచి కాపాడే బ్రేకర్, టప్పున పడిపోయింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ పడింది. "ఇది నీళ్ళకి పాడైందక్కా, నేను చూసుకుంటా" అన్నాడు. మా మెయిన్ బోర్డు నీళ్ళు అందని ఎత్తులో ఉంది. అది ఎలా పాడవుతుందని నాకు తట్టలేదు. పది నిమిషాల్లో లైట్లు వెలిగాయి. 18 రోజుల తర్వాత ఇంట్లో ఫ్యాన్ తిరిగిందన్న సంతోషంలో అతనికి టీ పెట్టిచ్చాను.

రాత్రి అమ్మని మంచం మీద పడుకోబెట్టి ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "వరదలో మునిగిన ఇల్లు కదక్కా, ఆ మాత్రం షాక్ ఉంటుంది. పెద్దావిడని చెప్పులేసుకుని ముట్టుకోమనండి." 68 ఏళ్ళ మనిషి చచ్చి బతికిందని నేను ఏడుస్తుంటే అతను అన్న మాట ఇది. పెట్టేశాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

పొద్దున బాబాయికి తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. ఈఎల్‌సీబీ వైర్లు పీకి, దాన్ని తప్పించి కరెంటు డైరెక్ట్‌గా ఇచ్చేసి ఉంది. అది పాడవలేదు, ఎక్కడో కరెంటు లీకవుతోందనే పడిపోతోంది. 30 మిల్లీ ఆంపియర్లు లీకైనా కట్ చేయడమే దాని పని. ఫ్రిజ్ వెనక ప్లగ్ పాయింట్ విప్పి వంచితే ఆ ఎలక్ట్రీషియన్ అరచేతిలోకి చెంచాడు బురద నీళ్ళు కారాయి. స్క్రూలు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. ఒక్క బోర్డు కూడా విప్పి చూడలేదు ఆ ప్యాకేజీ మనిషి!

మునిగిన బోర్డులన్నీ విప్పి, ఆరబెట్టి, మెగ్గర్ (వైర్లలో లీకేజీ ఉందో లేదో చూసే మీటర్) పెట్టి చూసే వరకు మెయిన్ వేయనివ్వకండి. ఈఎల్‌సీబీ పడిపోతుంటే ఎవరు చెప్పినా డైరెక్ట్ ఇవ్వనివ్వకండి. పని అయ్యాక దాని టెస్ట్ బటన్ మీ చేత్తో నొక్కి చూసుకోండి. డబ్బు ఆ తర్వాతే.

మా వీధిలో ఇంకో రెండిళ్ళకి అతనే చేశాడు. ఇప్పుడే వెళ్ళి మెయిన్ ఆపించి వచ్చాను. పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేటలో మీ ఇంటికి కూడా చేసి ఉంటే, ఇది చదవగానే లేచి ముందు మెయిన్ ఆపేయండి.