హన్మకొండ ఇంటి హాలుకు ఏ స్పీకర్లు: యాక్టివా, పాసివా?

యాంప్లిఫయర్ పెట్టెలోనే ఉంటే యాక్టివ్, బయట ఉంటే పాసివ్ అని దుకాణాలలో చెబుతారు గాని, అసలు తేడా సిగ్నల్‌ను హెచ్చు, తగ్గు స్వరాలుగా విడదీసే క్రాస్ఓవర్ ఎక్కడ ఉందన్న దానిలో ఉంది. నిజమైన యాక్టివ్ స్పీకర్‌లో సిగ్నల్ ఇంకా బలహీనంగా ఉన్నప్పుడే అలా విడిపోయి, తగ్గు స్వరాల వూఫర్‌కు ఒక యాంప్లిఫయర్, హెచ్చు స్వరాల ట్వీటర్‌కు మరొకటి చొప్పున చేరుతుంది. పాసివ్ స్పీకర్‌లో ఈ విభజన యాంప్లిఫయర్ దాటిన తరువాత కాయిళ్లు, కెపాసిటర్ల ద్వారా జరుగుతుంది గనుక కొంత శక్తి అక్కడే వేడిగా పోతుంది. వూఫర్ మీద యాంప్లిఫయర్‌కు ఉండవలసిన పట్టు కూడా కొంత సడలుతుంది.

ఈ లెక్కన చూస్తే ఎడిఫయర్ ఆర్1280టి వంటివి పూర్తి యాక్టివ్ కావు. మొత్తం 42 వాట్ల యాంప్లిఫయర్ ఒక పెట్టెలోనే ఉంటుంది. రెండో పెట్టెకు మామూలు స్పీకర్ వైరే వెళుతుంది. చదువుకునే బల్ల మీదికి ఇవి చక్కగా సరిపోతాయి, హాలుకు మాత్రం చాలవు. జేబీఎల్ 305పి మార్క్ 2 అసలైన యాక్టివ్ స్పీకరే: ప్రతి పెట్టెలో 41 వాట్ల యాంప్లిఫయర్లు రెండేసి ఉంటాయి, గొంతు ఎంతో స్పష్టంగా వినిపిస్తుంది. అయితే స్టూడియో పనికని చేసినది కావడం వల్ల దీనికి రిమోట్ లేదు, వాల్యూమ్ తిప్పాలంటే ఒక్కొక్క పెట్టె వెనక్కి చేయి పెట్టాలి, స్టూడియో కేబుళ్లకు వాడే ఎక్స్‌ఎల్ఆర్, టీఆర్ఎస్ ఇన్‌పుట్‌లు తప్ప వేరేవి లేవు. టీవీకి కలపాలంటే మధ్యలో మరో పరికరం కొనక తప్పదు; యాక్టివ్ అయితే విడిగా యాంప్లిఫయర్ కొనే ఖర్చు మిగులుతుందన్న మాటకు అప్పుడు పెద్దగా అర్థం ఉండదు.

పాసివ్ జతగా నేను ఎంచుకున్నది వార్ఫ్‌డేల్ డైమండ్ 12.1, దానికి తోడు యమహా ఏ-ఎస్301 యాంప్లిఫయర్. స్పీకర్ సెన్సిటివిటీ 88 డెసిబెళ్లు, అంటే ఒక వాట్‌కు ఒక మీటరు దూరంలో వచ్చే శబ్దం. వాట్లు రెట్టింపయిన ప్రతిసారీ 3 డెసిబెళ్లు పెరుగుతాయి కాబట్టి, తొమ్మిది పదడుగుల దూరంలో కూర్చుని వినేవారికి మామూలుగా నాలుగైదు వాట్లే ఎక్కువ. 60 వాట్ల యాంప్లిఫయర్‌కు ఇది లెక్కలోకి రాదు. యాంప్లిఫయర్‌కు రిమోట్, టీవీ కోసం ఆప్టికల్ ఇన్‌పుట్, పాత రికార్డుల కోసం ఫోనో ఇన్‌పుట్ ఉన్నాయి.

శబ్దం ఒక్కటే కొలమానమైతే నేను యాక్టివ్ వైపే మొగ్గేవాణ్ణి. నన్ను ఆపినది మరమ్మతు. యాక్టివ్ స్పీకర్‌లో బోర్డు కాలితే పెట్టె మొత్తం మూగబోతుంది. ఆ కంపెనీ బోర్డే కావాలి, దానికోసం హైదరాబాద్ పంపి ఎదురుచూడాలి. పాసివ్ జతలో యాంప్లిఫయర్ చెడితే మరొకటి తెచ్చి కలుపుకోవచ్చు, స్పీకర్లు పదిలంగా ఉంటాయి. వూఫర్ చిరిగినా కోన్ మార్చే మెకానిక్ ఏ ఊళ్లోనైనా దొరుకుతాడు. ఎండాకాలం సాయంత్రాలలో వోల్టేజ్ ఎగుడుదిగుడయ్యే మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. పైగా యాక్టివ్ స్పీకర్లకు పెట్టెకొక ప్లగ్ పాయింట్ కావాలి. ఎర్తింగ్ సరిగా లేని పాత ఇళ్లలో రెండూ వేర్వేరు బోర్డుల మీద ఉంటే గుయ్‌మనే హమ్ వినిపించవచ్చు. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలిపితే చాలావరకు తగ్గుతుంది.

ఏది కొన్నా, గ్రానైట్ పరచిన ఖాళీ హాలులో మాటలు చెదిరిపోతాయి. స్పీకర్లకూ మనకూ మధ్య ఒక మందపాటి కొత్తవాడ జంపఖానా పరవండి. వరంగల్ డర్రీలుగా 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ నేత, స్పీకర్ మోడల్ మార్చినదానికంటే ఎక్కువ తేడా చూపుతుంది. స్పీకర్ వైరు విషయంలో మాత్రం దుకాణదారు చూపే ఖరీదైన రకాలు అనవసరం: 2.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి తీగకు, రానూపోనూ పది మీటర్లయినా, నిరోధం 0.1 ఓమ్ లోపే ఉంటుంది.