ఫ్లోరైడ్ కొలతలో నమ్మదగిన కాలమ్: మెట్రోసెప్ ఎ సప్ 5

బోరు నీటిలోని ఫ్లోరైడ్, క్లోరైడ్, నైట్రేట్, సల్ఫేట్‌లను అయాన్ క్రొమటోగ్రఫీ పద్ధతిలో ఒకే ఇంజెక్షన్‌తో (ఒక్కసారి పంపిన నమూనాతో) కొలవవలసిన ప్రయోగశాలలకు మెట్రోమ్ సంస్థవారి మెట్రోసెప్ ఎ సప్ 5 కాలమ్‌ను, అంటే అయాన్లను ఒకదాని నుంచి ఒకటి విడదీసే గొట్టాన్ని, నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. 150 మిల్లీమీటర్ల పొడవున్న ఈ కాలమ్‌లో ఋణావేశ అయాన్లను పట్టి ఉంచే క్వాటర్నరీ అమ్మోనియం సమూహాలు గల 5 మైక్రాన్ల పాలీవినైల్ ఆల్కహాల్ రేణువులు ఉంటాయి. 3.2 మిల్లీమోలార్ సోడియం కార్బొనేట్, 1.0 మిల్లీమోలార్ సోడియం బైకార్బొనేట్ కలిపిన ద్రావణాన్ని నిమిషానికి 0.7 మిల్లీలీటర్ల చొప్పున పంపితే మొదట ఫ్లోరైడ్, ఆ తరువాత క్లోరైడ్, నైట్రైట్, బ్రోమైడ్, నైట్రేట్, ఫాస్ఫేట్, చివరకు సల్ఫేట్ బయటికి వస్తాయి.

ఏ కాలమ్‌కైనా అసలు పరీక్ష ఫ్లోరైడ్ దగ్గరే ఎదురవుతుంది. నమూనాలోని నీరు విద్యుత్ వాహకతను కొలిచే డిటెక్టర్‌ను చేరగానే బేస్‌లైన్ (అయాన్లేవీ రానప్పుడు అది గీసే రేఖ) ఒక్కసారి కిందికి దిగుతుంది. ఫ్లోరైడ్ పీక్ (ఫ్లోరైడ్ వచ్చినప్పుడు రేఖ మీద లేచే శిఖరం) ఆ పల్లాన్ని ఆనుకుని లేచినప్పుడు, ఫ్లోరైడ్ ఎంత ఉందో తెలిపే దాని వైశాల్యాన్ని ఎక్కడి నుంచి లెక్కించాలో తేలదు. ఈ కాలమ్‌లో బేస్‌లైన్ తిరిగి సమంగా నిలిచాకే ఫ్లోరైడ్ పీక్ మొదలవుతుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతి ఉంది. తరాల తరబడి ఫ్లోరోసిస్‌తో నడుములు వంగిపోయిన మనుషులున్న నల్లగొండ వంటి ప్రాంతంలో ఆ అర మిల్లీగ్రాము తేడాను తప్పుగా చెప్పే హక్కు ఏ ప్రయోగశాలకూ లేదని నా దృఢమైన అభిప్రాయం.

పరిమితులూ ఉన్నాయి, అయితే అవి ఈ కాలమ్ ఒక్కదానివే కావు. కార్బొనేట్ ద్రావణం సప్రెసర్‌లో (డిటెక్టర్‌కు ముందు ద్రావణపు వాహకతను తగ్గించే భాగంలో) కార్బోనిక్ ఆమ్లంగా మారినా నేపథ్య వాహకత పూర్తిగా సున్నాకు రాదు; పైగా పీక్ వైశాల్యాన్ని గాఢతగా మార్చే కాలిబ్రేషన్ రేఖ విస్తృతమైన గాఢతల మీద కొద్దిగా వంగుతుంది కాబట్టి నమూనాల స్థాయికి దగ్గరగా ఉన్న స్టాండర్డ్‌లతోనే (గాఢత తెలిసిన ద్రావణాలతోనే) దానిని గీయాలి. క్లోరైడ్ మరీ ఎక్కువగా ఉన్న ఉప్పునీటి బోర్లలో నైట్రైట్ పీక్ క్లోరైడ్ తోక మీద కూర్చుంటుంది, నమూనాను పలుచన చేస్తే ఆ కొద్దిపాటి నైట్రైట్ కూడా కనబడకుండా పోతుంది. అటువంటి నమూనాలే ఎక్కువగా వచ్చేవారు సమయం పెరిగినా సరే ఇదే రకంలో 250 మిల్లీమీటర్ల కాలమ్‌నే ఎంచుకోవడం, దానితోపాటు దాని ముందు అమర్చి మలినాల నుంచి కాపాడే గార్డ్ కాలమ్‌ను కూడా అదే ఆర్డరులో తెప్పించుకోవడం మంచిది.